పదకొండో వరుస

మా మరిదిని ఆ ఫ్యాక్టరీలో పెట్టించింది నేనే. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం కాస్త సులువు.

చెల్లి పెళ్ళయిన ఏడాదికే అతను పనిచేసే పంపుల వర్క్‌షాపు మూతబడింది. నేను అప్పటికి పన్నెండేళ్ళుగా ఎరువుల ఫ్యాక్టరీలో మెకానికల్ ఇంజనీర్ని. అమ్మా నాన్నా పోయాక చెల్లిని చదివించి పెళ్ళి చేసింది నేనే కాబట్టి, ఆ ఇంట్లో పొయ్యి ఆరకుండా చూడటం కూడా నా బాధ్యతే అనుకున్నాను. పెద్దసారు దగ్గరికి వెళ్ళి, చెయ్యి తిరిగిన ఫిట్టరు ఉన్నాడు, తీసుకోండి అన్నాను. పెద్దసారంటే మా ప్లాంటు మొత్తానికి అధికారి. ఆయన సరే అన్నాడు.

మరిది ఆరడుగుల మీద ఇంకో మూడంగుళాలు ఉంటాడు. చేరిన వారానికే అందరూ కలిసి 'నిచ్చెన' అని పేరు పెట్టేశారు. ఎవరు పిలిచినా పలికేవాడు. గేటు లోపల నన్ను మేడం అనేవాడు, గేటు దాటిన మరుక్షణం వదినా అనేవాడు. ఆదివారాలు వాళ్ళింట్లో భోజనానికి కూర్చున్నప్పుడు నన్ను ఆటపట్టించకుండా అతనికి ముద్ద దిగేది కాదు. "మీరు కాగితం మీద గీత గీస్తారు, దాని కోసం నేను మూడంతస్తులు ఎక్కాలి. అదేదో కాస్త కిందకి గీయకూడదా వదినా?" అనేవాడు. చెల్లి నవ్వేది. కళ్ళజోళ్ళ షాపులో అద్దాల కొలతలు తీసే పని దానిది. రోజంతా మనుషుల కళ్ళలోకి చూసీ చూసీ దానికి ఎవరు ఏది దాస్తున్నారో ఇట్టే తెలిసిపోతుందని మేమిద్దరం అనుకునేవాళ్ళం.

మా ఫ్యాక్టరీ వెనక ఎనిమిది కూలింగ్ టవర్లు వరసగా ఉంటాయి. ఒక్కోదాన్నీ సెల్ అంటారు. ప్లాంటులో వేడెక్కిన నీళ్ళు పైనుంచి జల్లుగా పడుతుంటే, నెత్తిన ఉన్న పెద్ద ఫ్యాను గాలిని పైకి లాగుతుంది. నీళ్ళు చల్లబడి కింద తొట్టిలోకి చేరతాయి. ఫ్యాను ఈ కొస నుంచి ఆ కొసకి ఇరవై నాలుగడుగులు. మోటారు బయట ఉంటుంది. దాన్నుంచి పొడవాటి షాఫ్టు ఫ్యాను కిందకి వెళ్తుంది. అక్కడ గేరు పెట్టె. మోటారు వేగాన్ని పదో వంతుకి తగ్గించి, అడ్డంగా వచ్చిన తిరుగుడుని నిలువుకి మళ్ళించి, ఆ రెక్కలన్నిటినీ నెత్తిన మోస్తూ తిప్పేది అదే. ఏడాది పొడుగునా వేడి ఆవిరిలో, తడిలో, నీళ్ళలో కలిపే మందుల వాసనలో నానుతూ ఉంటుంది. ఫ్యాక్టరీ మొత్తంలో అంత అధ్వాన్నమైన చోట కాపురం చేసే యంత్రం ఇంకోటి లేదు.

మరిదికి ప్రమాదం జరగడానికి ఆరేళ్ళ ముందు పాత గేరు పెట్టెలన్నీ అరిగిపోయాయి. రెండు సెల్‌లు అప్పటికే పడకేశాయి. కొత్తవి ఎనిమిది ఎంచే పని నాకిచ్చారు. ఎంపిక పత్రంలో పదహారు వరుసలు రాసుకున్నాను. మోటారు బలం ఎంత, దానికి ఎన్ని రెట్లు తట్టుకోవాలి, బేరింగులు ఎన్ని గంటలు మన్నాలి, ఆవిరి లోపలికి పోకుండా సీళ్ళు ఎలాంటివి, ఆయిల్ ఎంత పడుతుంది. పదకొండో వరుసలో బ్యాక్‌స్టాప్ అని రాశాను. షాఫ్టు వెనక కొసన పెట్టే చిన్న బిగింపు అది. షాఫ్టుని ఒకవైపే తిరగనిస్తుంది, వెనక్కి తిరగనివ్వదు. మాకు దాని అవసరం ఉంది. మా సెల్‌ల మధ్య చెక్క గోడలు సగం కుళ్ళిపోయాయి. ఒక సెల్ ఆపితే పక్క సెల్‌లు దాని నెత్తి మీదుగా గాలిని కిందకి పీలుస్తాయి. ఆగి ఉన్న ఫ్యాను ఎవరూ ముట్టుకోకుండానే వెనక్కి తిరుగుతుంది.

తయారీ కంపెనీ వాడు బ్యాక్‌స్టాప్‌తో అయితే పదహారు వారాలు, లేకుండా అయితే ఏడు వారాలు అన్నాడు. ఎండలు ముదురుతున్నాయి. పెద్దసారు పత్రం చూసి, "పదహారు వారాలు నేను ప్లాంటు ఆపుకుని కూర్చోవాలా? ఇందులో తీసెయ్యగలిగింది ఏమైనా ఉందేమో చూడండి" అన్నాడు.

చూశాను. ఎటూ రిపేరుకి లోపలికి వెళ్ళేవాళ్ళు రెక్కల్ని తాళ్ళతో కట్టేసే వెళ్తారు, అదే పద్ధతి, ఎన్నో ఏళ్ళుగా ఏమీ కాలేదు అనుకున్నాను. పదకొండో వరుస మీద స్కేలు పెట్టి గీత గీశాను. వంకర లేకుండా. పక్కన సంతకం పెట్టాను. ఏడు వారాలకి పెట్టెలు వచ్చాయి, పెద్దసారు మీటింగులో నన్ను మెచ్చుకున్నాడు కూడా.

ప్రమాదం జరిగిన రోజు ఉదయం పదిన్నరప్పుడు నేను నా గదిలో బేరింగుల లిస్టు చూస్తున్నాను. సైరన్ మోగింది. ఎవరో కిటికీ దగ్గరికి వచ్చి "ఐదో సెల్ మేడం, నిచ్చెన" అని వెళ్ళిపోయాడు. ఐదో సెల్‌ని ఆ ఉదయమే రిపేరుకి ఆపారు. మెట్లు ఎలా ఎక్కానో గుర్తు లేదు. ఫ్యాను చుట్టూ ఉండే పొయ్యి గొట్టం లాంటి గోడకి చిన్న తలుపు ఉంటుంది. అందులోంచి వంగి లోపలికి వెళ్ళాను.

నలుగురు మనుషులు ఒక రెక్క పట్టుకుని వేలాడుతున్నారు. వాళ్ళని కూడా ఈడ్చుకుంటూ అది కొంచెం కొంచెం వెనక్కి కదులుతోంది. దాని కింద నడవ మీద మరిది పక్కకి వాలి పడి ఉన్నాడు. కుడి చెయ్యి కనిపించలేదు. షాఫ్టు గేరు పెట్టెకి కలిసే చోట, కప్లింగు బోల్టుల మధ్యకి వెళ్ళిపోయి ఉంది. మేస్త్రీ తన చొక్కా విప్పి అతని మోచేతి పైన గట్టిగా బిగించి, రెండు మోకాళ్ళతో అదిమి పట్టుకున్నాడు. మరిది అరవడం లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి.

నేను కంట్రోల్ రూముకి ఫోన్ చేసి నాలుగో సెల్, ఆరో సెల్ ఆపమన్నాను.

"ఎవరి పర్మిషన్ మేడం?" అన్నాడు అక్కడున్నవాడు.

"నాది."

"పెద్దసారుని ఒకసారి అడిగి..."

"ఆపు. నాది అన్నానుగా."

పక్క ఫ్యాన్లు నెమ్మదించేసరికి నిమిషన్నర పట్టింది. అవి ఆగాక రెక్క దానంతటదే వదులైంది. అప్పుడు షాఫ్టుని ముందుకి తిప్పి చెయ్యి బయటికి తీశారు. దాన్ని ఇంక చెయ్యి అనడానికి లేదు.

తర్వాత కొలతలు తీస్తే తేలిందేమిటంటే, రెక్క తిరిగింది అరచుట్టే. కానీ గేరు నిష్పత్తి పదికి ఒకటి. పైన రెక్క అరచుట్టు తిరిగితే కింద షాఫ్టు ఐదు చుట్లు తిరుగుతుంది. ఆ నిష్పత్తి ఎంచింది నేనే. ఫ్యానుకి సరిగ్గా సరిపోయిన నిష్పత్తి అది. ఇప్పటికీ అందులో తప్పు పట్టడానికేమీ లేదు.

ఆసుపత్రిలో మోచేతి కిందకి తీసేశారు. చెల్లి షాపు నుంచి అలాగే పరుగెత్తుకొచ్చింది, చేతిలో కళ్ళ కొలత స్కేలు ఉండగానే. ఆపరేషన్ గది ముందు నా భుజం మీద తల పెట్టుకుని మూడు గంటలు కూర్చుంది. "నువ్వున్నావు కాబట్టి సరిపోయింది అక్కా. ఫ్యాన్లు ఆపించావంట కదా. లేకపోతే మనిషే దక్కేవాడు కాదంట" అంది. నేను దాని వీపు నిమురుతూ కూర్చున్నాను. చెప్పాలంటే అదే సమయం. ఆ సమయం దాటిపోయింది.

విచారణకి ముగ్గురు కూర్చున్నారు. పెద్దసారు, మా సేఫ్టీ ఆఫీసరు, బయట నుంచి వచ్చిన ప్రభుత్వ ఇన్‌స్పెక్టరు. మరిది ఆసుపత్రి మంచం మీద నుంచే వాంగ్మూలం ఇచ్చాడు. పద్ధతి ప్రకారం రెండు తాళ్ళు కట్టాలి, నేను తొందరలో ఒకటే కట్టాను, తప్పు నాదే అని చెప్పాడు. సంతకం పెట్టే చెయ్యి లేదు కాబట్టి ఎడమ బొటనవేలి ముద్ర వేశాడు. ఇంటి దగ్గర తెల్లారగానే పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివే మనిషి.

రిపోర్టులో 'కార్మికుని అజాగ్రత్త' అని వచ్చింది. దాని అర్థం ఏమిటో ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు. పనిలో దెబ్బ తిన్నవాడికి కూర్చుని చేసే వేరే పని ఇస్తారు. తన అజాగ్రత్త వల్ల దెబ్బ తిన్నవాడికి ఇవ్వరు. ఇంటికి పంపేస్తారు.

నేను ఆ రిపోర్టు చదివాను. నిజం చెప్పాలి కదా, మొదట నాకు కలిగింది ఊరట. ఒక్క తాడే కట్టాడు, పద్ధతి పాటించలేదు, కాబట్టి నా గీత వల్ల కాదు అనుకున్నాను. రెండు వారాలు ఆ ఆలోచన మీదే అన్నం తిన్నాను, నిద్రపోయాను.

ఒక మధ్యాహ్నం మేస్త్రీ నా గదికి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. పనిముట్ల గదికి పెద్ద అతను, ఇంకో ఏడాదిలో రిటైరవుతాడు. జేబులోంచి జానెడు ఇనప కమ్మీ ముక్క తీసి బల్ల మీద పెట్టాడు. ఒక కొస తుప్పు పట్టి బిస్కెట్టులా విరిగి ఉంది.

"రెండు తాళ్ళూ కట్టాడమ్మా. ముడులు నేనే లాగి చూశాను. ఒక తాడు తెగింది. రెండోది కట్టిన కమ్మీ ఇదిగో, పుచ్చిపోయి ఊడొచ్చింది" అన్నాడు.

"మరి విచారణలో నువ్వెందుకు చెప్పలేదు?"

"అతనే వద్దన్నాడు. మంచం మీద పడుకుని, మిగిలిన చేత్తో నా చొక్కా పట్టుకుని, నోరు తెరిస్తే నా మీద ఒట్టే అన్నాడు. ఎందుకో నాకర్థం కాలేదు. మీకర్థమవుతుందేమో అని తెచ్చాను." కమ్మీ అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు.

ఆ పూటే సెలవు పెట్టి చెల్లి వాళ్ళింటికి వెళ్ళాను. చెల్లి షాపులో ఉంది. మరిది కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని, పాత ఫ్యాను కేటలాగు వెనక ఖాళీ పేజీల మీద ఎడమ చేత్తో అక్షరాలు దిద్దుకుంటున్నాడు. కుడి వైపు చొక్కా చెయ్యి మడిచి పిన్నీసు పెట్టి ఉంది.

"రండి వదినా. మళ్ళీ ఒకటో క్లాసులో వేశారు నన్ను" అన్నాడు. "ఒక లాభం ఉందిలెండి. ఇంతకుముందు మీ చెల్లెలు చేతకానివాడు అనేది. ఇప్పుడు సగమే చేతకానివాణ్ణి."

నేను నవ్వలేదు. "రెండు తాళ్ళు కట్టి ఒకటని ఎందుకు చెప్పావు?" అన్నాను.

కలం పక్కన పెట్టాడు. "మేస్త్రీ కడుపులో మాట ఆగదు" అన్నాడు.

"నేనడిగింది చెప్పు."

"రెండు కట్టానంటే ఏమంటారు? మరి ఫ్యాను ఎలా తిరిగింది అంటారు. తిరగకుండా గేరు పెట్టెలో ఏదో ఉండాలే, అదేది అంటారు. పాత కాగితాలు తీస్తారు."

"నీకెప్పటి నుంచి తెలుసు?"

"మొదటి పెట్టె పైకెక్కించిన రోజు నుంచి. షాఫ్టు వెనక కొసన ఆరు బోల్టులతో ఒక గుండ్రటి మూత ఉంది. కొట్టి చూస్తే డొల్లగా మోగింది. పాత వర్క్‌షాపులో అలాంటి చోట బ్యాక్‌స్టాప్ చూసి ఉన్నాను. మనకెందుకు రాలేదా అని స్టోర్సులో కాగితం చూపించమన్నాను. గీత ఉంది. మీ సంతకం ఉంది."

"ఆరేళ్ళు ఎవరికీ చెప్పలేదు."

"చెప్పలేదు."

"నాకైనా చెప్పొచ్చుగా."

అతను కిటికీ వైపు తిరిగాడు. ఎదుటి మేడ మీద ఎవరో దుప్పట్లు దులుపుతున్నారు.

"ఎక్కడ చెప్పను వదినా? గేటు లోపల మీరు మేడం. మీరు తప్పు చేశారని ఫిట్టరు ఎలా చెప్తాడు? గేటు బయట మీరు ఈ ఇంటికి పెద్ద. నాకు పనిప్పించిన మనిషి. అన్నం పెట్టుకుని కూర్చున్నప్పుడు, మీ చెల్లెలు ఎదురుగా ఉండగా, ఆ మాట ఎలా ఎత్తను? గేటు మీద నిలబడి చెప్పాలి." కొంచెం నవ్వాడు. "పోనీలే, తాళ్ళు గట్టిగా కట్టుకుందాం అనుకున్నా. ఆరేళ్ళు గట్టిగానే కట్టుకున్నాం."

అప్పుడు అతని ముఖం ముడుచుకుపోయింది. ఎడమ చేత్తో ఖాళీ చొక్కా చెయ్యిని పట్టుకున్నాడు. లేని వేళ్ళు పిడికిలి బిగుసుకుంటాయట. ఆ పిడికిలి ఎలా విప్పాలో డాక్టర్లకి కూడా తెలియదట. ఆ నొప్పి తగ్గేదాకా నేను పక్కనే కూర్చున్నాను.

"మీ చెల్లెలికి చెప్పకండి" అన్నాడు నేను లేచేటప్పుడు.

మర్నాడు ఫైలు గదిలోంచి ఆ పత్రం తీసి పెద్దసారు బల్ల మీద పెట్టాను. పక్కన కమ్మీ ముక్క పెట్టాను. ఆయన రెండూ చూసి పత్రాన్ని నా వైపు తోశాడు.

"దీన్ని ఎవరూ అడగలేదు. అడగనిదానికి జవాబు చెప్పడం మీకు సరదానా?"

"తీసెయ్యమన్నది మీరు."

"ఏమైనా తీసెయ్యొచ్చేమో చూడమన్నాను. ఏం తియ్యాలో నేను చెప్పానా?"

చెప్పలేదు. ఆయన మాట అక్షరాలా నిజం. ఆయన మీద పెట్టుకుందామనుకున్న సగం బరువు కూడా తిరిగొచ్చి నా మీదే పడింది. నేను పత్రం, కమ్మీ సంచిలో వేసుకుని బస్సెక్కి ఇన్‌స్పెక్టరు ఆఫీసుకి వెళ్ళాను. ఆయన బక్కపలచటి మనిషి, మా ఫ్యాక్టరీలో ఉన్నంతసేపూ దగ్గుతూనే ఉండేవాడు. పత్రం మూడుసార్లు చదివాడు.

"ఇది నాకిస్తే మీకు ఇబ్బందమ్మా."

"తెలుసండి."

"దెబ్బ తిన్నాయన మీకేమవుతారు?"

"మా చెల్లెలి భర్త."

ఆయన నా వైపు చూసి, ఇంకేమీ అడగకుండా పత్రం వెనక తారీకు వేసి తీసుకున్నాడు.

మరిది వద్దన్నా చెల్లికి చెప్పాను. రిపోర్టు మారితే ఎటూ తెలుస్తుంది, నా నోటితోనే తెలియాలనుకున్నాను. షాపు మూసే వేళకి వెళ్ళాను. ఎదురుగా ఉన్న బస్టాపు బల్ల మీద కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. అది అడ్డు రాకుండా వింది. అంతా అయ్యాక, "గీత నువ్వు గీశావు. వేలిముద్ర ఆయన వేశాడు. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు కాపాడుకుంటున్నారు. మధ్యలో నేనెవర్ని?" అంది.

"క్షమించు" అన్నాను.

"ఆసుపత్రిలో నీ భుజం మీద తల పెట్టుకున్నాను నేను. మూడు గంటలు." బస్సు వచ్చింది. అది ఎక్కి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆదివారం వాళ్ళింటికి వెళ్ళలేదు, ఏ ఆదివారమూ వెళ్ళలేదు.

రిపోర్టు మారింది. 'పరికరం ఎంపికలో లోపం, కార్మికుని తప్పు లేదు' అని ఒక్క వాక్యం. మరిదికి తనిఖీ విభాగంలో కూర్చుని చేసే పని ఇచ్చారు. నాకు మెమో ఇచ్చారు. ఎనిమిది గేరు పెట్టెలూ మార్చాలని ఇన్‌స్పెక్టరు ఆర్డరు వేశాడు కాబట్టి, వాటిని ఎంచేదాకా ఆ కుర్చీలో ఉండాలి, అది అయ్యాక పాత డ్రాయింగుల గదికి వెళ్ళాలి. మా దగ్గర ఆ పని తెలిసినవాళ్ళు ఇంకెవరూ లేరు.

ఈసారి కొత్త పత్రం నేనొక్కదాన్నే రాయలేదు. మరిదిని అడిగాను. ఒప్పుకుంటాడనుకోలేదు, ఒప్పుకున్నాడు. మధ్యాహ్నాలు క్యాంటీన్ మూలన నాలుగు కంపెనీల కేటలాగులు పరుచుకుని కూర్చునేవాళ్ళం. నేను లెక్కలు చూసేదాన్ని. అతను ఏ కేటలాగులోనూ లేని ప్రశ్నలు అడిగేవాడు.

"ఆయిల్ ఎంతుందో చూసే గాజు గొట్టం బయట పెడతారు, బాగానే ఉంది. దాని పైన గాలి కన్నం మూసుకుపోతే లోపల చుక్క లేకపోయినా నిండుగా చూపిస్తుంది. లోపల ముంచి చూసే పుల్ల కూడా కావాలి. అది చెయ్యి అందే చోట ఉండాలి, షాఫ్టు మీదుగా వంగే పని లేకుండా." ఇంకో రోజు, "ఈ బొమ్మలో మనిషి లేడు చూడండి. పెట్టె చుట్టూ ఖాళీ తెల్ల కాగితం. అక్కడ మేం నిలబడతాం వదినా, రెండడుగుల నడవ మీద, తడి బూట్లతో" అన్నాడు.

అతను చెప్పినవన్నీ ఎడమ చేత్తో తనే రాశాడు. వంకర టింకరగా, ఒక్కో వరుస రాయడానికి పది నిమిషాలు పట్టేది. నేను రాస్తానంటే ఇవ్వలేదు. ఇరవై మూడు వరుసలయ్యాయి. బ్యాక్‌స్టాప్ వరుస కింద ఇంకో వరుస చేర్చాడు, రెక్కల్ని కట్టడానికి తాళ్ళు వద్దు, ఇనప గడియ కావాలని. "బ్యాక్‌స్టాప్ ఒకవైపే ఆపుతుంది. గాలికి రెండు వైపులు తెలుసు" అన్నాడు.

ఒక కంపెనీ పది వారాల్లో ఇస్తామంది. బేరింగుల ఆయుష్షు లెక్క అడిగి తెప్పించి చూస్తే, సగం బరువు మీద వేసిన లెక్క. పూర్తి బరువు మీద వేస్తే రెండేళ్ళలో పోతాయి. ఇంకో కంపెనీ అన్నిటికీ సరేనంది కానీ పద్దెనిమిది వారాలంది. నేను పద్దెనిమిది వారాల వాళ్ళని ఎంచాను. పెద్దసారు పత్రం ముందు పెట్టుకుని, "ఇందులో..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. నా చేతులు నా ఒళ్ళోనే ఉన్నాయి. కాసేపటికి ఆయన కలం తీసి సంతకం చేశాడు. ఆ పద్దెనిమిది వారాలూ ఐదో సెల్‌కి తాళం వేసి ఉంచాం. మిగతావాటికి మేస్త్రీ తన చేత్తో ఇనప గడియలు చేసిపెట్టాడు. అదే అతను రిటైరయ్యే ముందు చేసిన ఆఖరి పని.

పెట్టెలు తయారయ్యాక పంపించే ముందు చూడటానికి ఇద్దరం ఆ కంపెనీకి వెళ్ళాం. ఐదు గంటల బస్సు ప్రయాణం. దారి పొడుగునా అతను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. పెద్ద షెడ్డులో ఎనిమిది పెట్టెలు వరసగా పెట్టి ఉన్నాయి, పెయింటు వాసనతో. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. అక్కడి ఇంజనీరు టీ తెప్పించి, సంతకం పెట్టేస్తే లారీ ఎక్కిస్తాం అన్నాడు.

మరిది టీ ముట్టుకోలేదు. ఒక పొడుగు రెంచి అడిగి తీసుకుని, మొదటి పెట్టె షాఫ్టుకి తగిలించి ఎడమ చేత్తో ముందుకి లాగాడు. తిరిగింది. వెనక్కి లాగాడు. ఠక్కున ఆగింది. రెండోది, మూడోది అలాగే. చెమటలు కారుతున్నాయి. ఎవరో సాయం రాబోతే తల ఊపి వద్దన్నాడు. ఆరో పెట్టె ముందుకి తిరగలేదు. వెనక్కి హాయిగా తిరిగింది.

దానిలో బ్యాక్‌స్టాప్‌ని తిరగేసి బిగించి ఉంచారు.

"అరగంట పని సార్, ఇప్పుడే మార్చేస్తాం" అన్నాడు అక్కడి ఇంజనీరు, ముఖం పాలిపోయి.

"మాకు ఇలాగే వచ్చి ఉంటే ఏమయ్యేదో తెలుసా అండి?" అన్నాడు మరిది. గొంతు పెంచలేదు. "మోటారు వెయ్యగానే ఇది జామ్ అయ్యేది. ఎండాకాలం. ఎవరో ఒకరు విప్పి పారేసి మూత బిగించేవాళ్ళు. తర్వాత అందరూ మర్చిపోయేవాళ్ళు."

వాళ్ళు విప్పి మళ్ళీ బిగించినంతసేపూ పక్కనే నిలబడ్డాడు. అన్ని పెట్టెల మీదా తిరిగే వైపు బాణం గుర్తు చెక్కించాడు, పెయింటుతో వేస్తామంటే ఒప్పుకోలేదు. మేం బయల్దేరుతుంటే ఆ కంపెనీ పెద్దాయన వచ్చి, ఇక్కడ తనిఖీ పనికి వస్తావా అని అతన్ని అడిగాడు. మరిది నా వైపు చూడలేదు. ఇంట్లో అడిగి చెప్తానన్నాడు.

ఇంట్లో ఏమనుకున్నారో నాకు తెలియదు. రెండు నెలల తర్వాత వాళ్ళు ఆ ఊరు వెళ్ళిపోయారు. సామాన్ల లారీ కదిలాక మరిది ఒక్కడే డ్రాయింగుల గదికి వచ్చి చెప్పి వెళ్ళాడు. చెల్లి బయట ఆటోలో కూర్చుని ఉందన్నాడు. నేను కిటికీ దగ్గరికి వెళ్ళలేదు.

ఇప్పటికి రెండేళ్ళు దాటింది. ఎనిమిది ఫ్యాన్లూ బాగానే తిరుగుతున్నాయి. నేను పాత డ్రాయింగులకి నంబర్లు వేస్తూ ఉంటాను. ఆదివారం మధ్యాహ్నాలు మరిదికి ఫోన్ చేస్తాను. గేరు పెట్టెల గురించి మాట్లాడుకుంటాం, ఇంకే మాటా ఎత్తం. వెనకాల గిన్నెల చప్పుడు, కుళాయి చప్పుడు వినిపిస్తాయి. అక్కడ ఇంకో మనిషి ఉందని నాకు తెలుసు, నేనని ఆ మనిషికీ తెలుసు.

పోయిన ఆదివారం ఫోన్ చేస్తే చెల్లి ఎత్తింది.

"ఆయన పడుకున్నారు. చెయ్యి నొప్పిగా ఉందని మాత్ర వేసుకున్నారు. రేపు చెయ్యండి" అంది.

చెయ్యండి అంది. మాటలు వచ్చిన దగ్గర్నుంచీ అది నన్ను నువ్వు అనే పిలిచింది. షాపుకి వచ్చిన కొత్త మనిషితో మాట్లాడినట్టు, మర్యాదగా, స్పష్టంగా చెప్పింది.

"సరే, రేపు చేస్తాను" అన్నాను. ఒక క్షణం ఆగి ఫోన్ పెట్టేసింది. మర్నాడు చేశాను. మరిదే ఎత్తాడు.